రొయ్య తేలక ముందే

మూడున్నరకి లేస్తా.
లేవడమంటే నిద్రలోంచి కాదు, మంచం మీంచి.
కొరుటూరు గుంటల మీద కాపలా మనిషికి
నిద్ర ఎక్కడిది.
రెండు గట్ల అవతల ఉప్పుగాలి, ఇవతల డీజిలు వాసన,
మధ్యలో రేకుల గది, నేను,
మేత బస్తా మీద విప్పి పెట్టుకున్న గ్రంథం.

నీళ్లల్లో గాలి తగ్గేది ఈ వేళప్పుడే.
పగలంతా పచ్చగా నవ్విన గుంట
తెల్లారగట్ల లోలోపలే ఉక్కిరిబిక్కిరవుతుంది.
పైకి ఏమీ తెలీదు.
నీళ్లు నీళ్లలాగే ఉంటాయి,
అందులో చందమామ కూడా సరిగ్గానే కనపడతాడు.
పెంచలయ్య మేస్త్రి మొదటి రోజే చెప్పినాడు:
"రొయ్య గట్టుకి తేలినాక చక్రం తిప్పితే
శవానికి విసనకర్ర ఊపినట్టేరా అబ్బయా."

అందుకే ముందు నాలుగు చక్రాలూ తిప్పి
ఆ నురగ చప్పుడులో కూర్చుంటా.
ఈ గ్రంథం మా అవ్వ రూతమ్మది.
మిషను ఆసుపత్రిలో గదులు కడిగి కొనుక్కునింది,
దిండు కింద పెట్టుకుని పడుకునేది.
"నాకు అక్షరం రాదు. నీకు వచ్చు.
నీకు సాకు లేదు" అనింది, పోయే ముందు.

వేలు పెట్టుకుని చదువుతా, ఏడో తరగతి చదువు నాది.
కొన్నాళ్లు వాక్యం తేనె.
చానా రోజులు చవుడు.
ఎవరు ఎవరిని కన్నారో, గుడారానికి ఎన్ని మేకులో,
ఏ గోత్రానికి ఎన్ని ఊళ్లో.
కళ్లు వరసల మీద నడుస్తాయి,
మనసు సలోమి దగ్గు దగ్గరికి పోతుంది,
కెజియా నర్సింగు ఫీజు దగ్గరికి పోతుంది.
లాక్కొచ్చి మళ్లీ కూర్చోబెడతా.

ఒకసారి పాస్టరుగారిని అడిగినా,
ఈ కొలతలూ లెక్కలూ నాకెందుకయ్యా అని.
ఆయన టీ తాగతా, "మేత చల్లేటప్పుడు
ఏ గింజ ఏ రొయ్య తినిందో చూస్తావా?" అన్నాడు.
గుంటలో అయితే చెక్‌ట్రే ఎత్తి చూసుకుంటాం,
మనిషిలో ఏ ట్రే ఎత్తాల?
ఆ జవాబు నాకు నచ్చలేదు.
చదవడం మాత్రం మానలేదు.

మొన్న వాన రాత్రి కరెంటు పోయింది.
జనరేటర్ మొరాయించి మొరాయించి అందుకునింది.
అప్పుడొచ్చినాడు బర్నబా,
మా చిన్నాయన కొడుకు,
ఆదివారం నా పక్కనే మోకాళ్లూనేవాడు.
లైట్లార్పిన ఆటో.
"రెండు బస్తాలేన్నా. వానకి తడిసిపోయినాయని రాసెయ్.
పాప ఫీజు నేను కడతా.
దేవుడే దారి చూపించినాడనుకో."

దేవుడి పేరు అంత తియ్యగా
ఎవరి నోటా వినలేదు నేను.

బస్తా మీద చెయ్యేసినా.
అబద్ధం చెప్పను, భుజానికి ఎత్తినా కూడా.
అప్పుడు పైకి తేలింది.
గొప్ప వాక్యమేం కాదు,
సింహాలూ ఖడ్గాలూ లేవు అందులో.
ఎప్పుడో ఆవలిస్తా దాటేసిన పుట,
తూనికరాళ్ల సంగతి:
సంచిలో పెద్దదొకటీ చిన్నదొకటీ దాచుకోవద్దని.
నా భుజం మీదుండేది ఏ రాయి?
దించినా.
బర్నబా ఉమ్మేసి పోయినాడు,
పోతా పోతా మా నాయన పేరు పెట్టి ఒక మాటన్నాడు.

గెలిచినానని ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఫీజు గడువు సోమవారం, అది సోమవారమే.
వాడన్న మాట నాలోపల
తెల్లమచ్చ రోగంలాగా పాకతా ఉంది.
వాణ్ణి కొట్టాలని చేతులు లేస్తుండాయి.
అది ఇంకో గుంట. దానికి ఇంకో రాత్రి.

మళ్లీ మూడున్నర.
నాలుగో చక్రం కిర్రుమంటా ఉంది, గ్రీజు పెట్టాల.
చెమ్మకి పుటలు అతుక్కున్నాయి.
మేత పిండి అంటిన గోటితో
మెల్లగా విడదీస్తా ఉండా,
చిరగకుండా.